పలక కంటే ముందు పలుకు

వేసవి సెలవులు సగానికి వచ్చేసరికి మన వీధుల్లో ఎక్కడ విన్నా ఒకటే మాట: "మీ బాబును ఏ బడిలో వేస్తున్నారు?" మూడేళ్ళు నిండిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఫీజు ఎంత, ఆటో దొరుకుతుందా, ఇంగ్లీషు మీడియమేనా, యూనిఫాం ఎక్కడ కుట్టించాలి అన్న చర్చ రాత్రి భోజనాల దగ్గర సాగుతుంటుంది. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. కాని జూన్ నెలలో బడి గుమ్మం దగ్గర నిలబడి ఆ పసివాళ్ళను లోపలికి తీసుకునే ఉపాధ్యాయులమైన మాకు మరో ప్రశ్న ఎదురవుతుంది. అమ్మ చెయ్యి వదిలి, మూడు గంటలసేపు కొత్త మనుషుల మధ్య ఉండటానికి ఈ బిడ్డ ఇంట్లో ఎంతవరకు సిద్ధమై వచ్చాడు?

సిద్ధం చేయటమంటే అక్షరాలు నేర్పటమేనని చాలామంది తల్లిదండ్రుల అభిప్రాయం. "మావాడికి ఏ నుంచి జెడ్ దాకా నోటికి వచ్చు టీచర్, వంద వరకు అంకెలు కూడా చెబుతాడు" అని సంతోషంగా పరిచయం చేస్తారు. ఆ పిల్లవాడే పది గంటలకు దాహం వేస్తే నీళ్ళు అడగలేక కూర్చుంటాడు. పక్క పిల్లవాడు బొమ్మ లాక్కుంటే ఏమనాలో తెలియక ఏడుస్తాడు. నిక్కరు విప్పుకోవటం రాక తడుపుకుంటాడు. మధ్యాహ్నానికి వాడికి బడి అంటేనే భయం పట్టుకుంటుంది. వంద అంకెలు వచ్చిన లాభం ఆ భయం ముందు నిలవదు.

మూడేళ్ళ బిడ్డకు బడిలో నిజంగా అవసరమైనవి మూడే. అమ్మ తప్పక తిరిగి వస్తుందన్న నమ్మకం, తన అవసరాన్ని చెప్పుకొనే నోరు, తన చిన్న చిన్న పనులు తాను చేసుకొనే చేతులు. ఇవి ట్యూషన్‌లో దొరికేవి కావు, వీటికి డబ్బూ ఖర్చు కాదు. ఇంట్లో, రోజువారీ పనుల మధ్యనే తయారవుతాయి. చదువురాని తల్లి కూడా వీటిని చక్కగా నేర్పగలదు.

తొందర ఎందుకు?

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఉన్న ఐదేళ్ళను ఒకే పునాది దశగా పరిగణించింది. అందులో మొదటి మూడేళ్ళు పూర్వప్రాథమిక విద్య, తరువాతి రెండేళ్ళు 1, 2 తరగతులు. ఒకటో తరగతిలో చేరే నాటికి బిడ్డకు ఆరేళ్ళు నిండాలన్నది ఈ లెక్కలోని భావం. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఆట, మాట, పాట, కథలనే ఈ వయసు చదువుగా చెప్పింది. అంటే మూడేళ్ళ బిడ్డకు ఒకటో తరగతి చేరటానికి ఇంకా మూడేళ్ళ సమయం ఉంది. మనం మాత్రం రెండున్నరేళ్ళకే నాలుగు గీతల పుస్తకం కొని, చెయ్యి పట్టి దిద్దిస్తున్నాం.

ఆ చెయ్యి ఇంకా రాతకు సిద్ధంగా లేదు. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తని మృదులాస్థిగా ఉంటాయి. నెలలు, సంవత్సరాలు గడిచే కొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. చివరి ఎముక గట్టిపడటం మొదలయ్యేది ఎనిమిదేళ్ళు దాటాకే. మూడేళ్ళకు వేళ్ళ కండరాల పట్టు కూడా పూర్తిగా రాదు. అందుకే పెన్సిలు ఇస్తే ఆ వయసు పిల్లలు దాన్ని పిడికిలితో పట్టుకుంటారు. అది మొండితనమూ కాదు, సోమరితనమూ కాదు. ఆ వయసు చెయ్యి అంతే.

ఈ సంగతి మన పెద్దలకు అనుభవంతో తెలిసినట్టుంది. మన ఇళ్ళలో 'బిస్మిల్లా ఖానీ' అనే వేడుక ఉంది. బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు కొత్త బట్టలు తొడిగి, పెద్దవారి పక్కన కూర్చోబెట్టి, మొదటి పాఠం చెప్పించి మిఠాయి పంచుతారు. ఇది ఆచారమే గాని మతవిధి కాదు. చేసేవారూ ఉన్నారు, చేయనివారూ ఉన్నారు. ఆ మాట అటుంచి, ఆ ఆచారం వెనక ఉన్న లెక్కను చూడండి. నాలుగేళ్ళు దాటేవరకు బిడ్డ చేతికి పాఠం ఇవ్వలేదు. అంతవరకు దాదీ ఒడి, నానీ కథలు, వాకిట్లో ఆట, ఇంటిపనిలో సాయం, ఇవే చదువు.

పిల్లల చదువు గురించి లోతుగా ఆలోచించినవారూ ఇదే దారిలో నడిచారు. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించిన గిజుభాయి బధేకా కథను, ఆటను పిల్లల చదువుకు మధ్యలో నిలిపారు. 1939లో మద్రాసు వచ్చి కొన్నేళ్ళు మన దేశంలోనే ఉన్న మరియా మాంటిస్సోరి, చిన్నపిల్లల చేత నీళ్ళు ఒంపించటం, గుండీలు పెట్టించటం, బల్లలు తుడిపించటం చదువులో భాగం చేశారు. ఇలాంటి పనులతోనే చెయ్యి నిలకడ నేర్చుకొని రాతకు సిద్ధమవుతుందని ఆమె చెప్పారు.

కాబట్టి పక్కింటి బిడ్డ రాస్తున్నాడని మన బిడ్డను తొందరపెట్టనవసరం లేదు. ఈ వయసులో చేయవలసిన పని వేరే ఉంది.

అమ్మ తిరిగి వస్తుంది

బడి మొదలైన వారంలో మేము చూసే ఏడుపులో ఎక్కువ భాగం బడి మీద కోపం కాదు. అమ్మ మళ్ళీ వస్తుందో రాదో అన్న దిగులు. మూడేళ్ళ బిడ్డకు గడియారం తెలియదు. "పన్నెండున్నరకు వస్తాను" అంటే వాడికి ఏమీ అర్థం కాదు. "నువ్వు అన్నం తిని, చెయ్యి కడుక్కున్నాక వస్తాను" అంటే అర్థమవుతుంది.

ఈ నమ్మకాన్ని బడికి రెండు మూడు నెలల ముందు నుంచే పెంచాలి. మొదట ఇంట్లోనే, నానీ దగ్గరో ఫూఫీ దగ్గరో వదిలి పావుగంట బయటికి వెళ్ళిరండి. తరువాత అరగంట, ఆపైన గంట. వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళండి. చెప్పిన సమయానికి రండి. వచ్చాక "చూశావా, వస్తానన్నాను, వచ్చాను" అనండి. పది పదిహేనుసార్లు ఇలా జరిగితే బిడ్డ మనసులో ఒక లెక్క కుదురుతుంది: వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారు.

చాలా ఇళ్ళలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బిడ్డ ఏడుస్తాడని ఆట ధ్యాసలో ఉండగా వెనక తలుపు నుంచి జారుకుంటారు. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది గాని, ఆ రోజు నుంచి బిడ్డ అమ్మ కొంగు వదలడు. కన్ను మూసి తెరిచేలోపు అమ్మ మాయమవుతుందని నేర్చుకున్నాడు కదా! ఏడ్చినా సరే, చెప్పే వెళ్ళాలి. బడి గుమ్మం దగ్గర కూడా అంతే. ఒక సలాం, ఒక ముద్దు, "అల్లాహ్ హాఫిజ్, తిన్నాక వస్తాను" అన్న ఒక్క మాట, వెంటనే వెనుదిరగటం. రోజూ అవే మాటలు, అదే వరుస ఉండాలి. కిటికీలోంచి తొంగిచూస్తూ అరగంట నిలబడితే బిడ్డ ఏడుపూ అరగంట సాగుతుంది.

బడిని బెదిరింపుగా వాడటం మరో పెద్ద తప్పు. "అన్నం తినకపోతే టీచరుకు చెబుతా", "అల్లరి చేస్తే బడిలో వేస్తా, అక్కడ బెత్తంతో కొడతారు" అని ఏడాది పొడవునా భయపెట్టి, జూన్‌లో అదే బడికి నవ్వుతూ వెళ్ళమంటే బిడ్డ ఎలా వెళ్తాడు? సెలవులకు ముందే ఒక సాయంత్రం ఆ దారిన నడిపించి, "ఇదే నీ బడి, ఇక్కడ ఉయ్యాల ఉంది, ఇక్కడ నీళ్ళు తాగుతావు" అని చూపించండి.

తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళిన కుటుంబాలు మనకు కొత్త కాదు. ఆ ఇంటి బిడ్డ అబ్బాను విమానాశ్రయానికి సాగనంపి వచ్చాడు. అబ్బా ఫోనులో కనబడతాడు గాని ఇంటికి రాడు. అలాంటి బిడ్డకు 'వెళ్ళటం' అంటే రోజులు కాదు, సంవత్సరాలు. అమ్మ కూడా అలాగే వెళ్ళిపోతుందేమోనని వాడు గట్టిగా పట్టుకుంటే దాన్ని గారాబమని కొట్టిపారేయకూడదు. ఈ విషయం టీచరుకు ముందే చెప్పండి. అబ్బా కూడా ఫోనులో "బాగా చదువుతున్నావా?" అని కాక, "ఈ రోజు ఎవరితో ఆడావు? ఏం తిన్నావు?" అని అడిగితే బిడ్డకు బడి సంగతులు చెప్పే అలవాటు వస్తుంది.

ఇంటి మాట, బడి మాట

మన పిల్లల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎక్కువ ఇళ్ళలో మాట్లాడేది ఉర్దూ, అందులోనూ మన దక్కనీ ఉర్దూ. కొన్ని ఇళ్ళలో, ముఖ్యంగా దూదేకుల కుటుంబాలలో, తెలుగే ఇంటిభాష. బడిలో మాత్రం తెలుగో ఇంగ్లీషో నడుస్తుంది. ఇంట్లో "పానీ హోనా" అనే బిడ్డ బడిలో కూడా అదే అంటాడు. టీచరుకు ఉర్దూ రాకపోతే ఆ మాట గాలిలో కలిసిపోతుంది. రెండుసార్లు అడిగి, మూడోసారి మానేస్తాడు. టీచరు "ఈ పిల్లవాడు మాట్లాడడు" అనుకుంటుంది. ఇంటికి వచ్చాక వాడి నోటికి అడ్డే ఉండదు!

దీనికి పరిష్కారంగా కొందరు తల్లిదండ్రులు ఇంట్లో ఉర్దూ మానేసి, తమకే సరిగా రాని ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడటం మొదలుపెడుతున్నారు. "కమ్ హియర్", "ఈట్ ఫాస్ట్", "డోంట్ క్రై". ఆజ్ఞలు నాలుగు వస్తాయి గాని కబుర్లు రావు. అమ్మకు ఆ భాషలో కథ చెప్పటం రాదు, కోపం తీర్చటం రాదు, "ఎందుకలా అయింది?" అని లోతుగా అడగటం రాదు. దానితో బిడ్డకు ఇంట్లో దొరికే మాటల సంపదే తగ్గిపోతుంది. ఒక భాషలో బాగా మాట్లాడగలిగిన బిడ్డకు రెండో భాష సులువుగా వస్తుంది. 'పెద్దది, చిన్నది', 'పైన, కింద', 'ముందు, తరువాత' అన్న తేడాలు ఒకసారి ఉర్దూలో అర్థమైతే, తెలుగులో కొత్తగా నేర్చుకోవలసింది పేర్లు మాత్రమే. వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలో బోధన ఉండాలని జాతీయ విద్యా విధానం చెప్పటానికి కారణమిదే.

కాబట్టి ఇంటిభాషను వదలకండి. దానికి తోడుగా రెండు పనులు చేయండి. మొదటిది, బడిలో తప్పనిసరిగా అవసరమయ్యే మాటలు పది తెలుగులో నేర్పండి. "నీళ్ళు కావాలి", "ఒంటికి వస్తోంది", "ఆకలేస్తోంది", "కడుపు నొప్పి", "ఇది నాది", "నాకు వద్దు", "అమ్మ కావాలి". వీటిని పాఠంలా కాక ఆటలా నేర్పాలి. ఆపా టీచరవుతుంది, తమ్ముడు చెయ్యెత్తి నీళ్ళు అడుగుతాడు. వారం రోజులు ఆడితే నాలుకకు అలవాటవుతుంది. వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలతో ఆడుకోనివ్వండి. పిల్లలకు పిల్లలను మించిన భాషా గురువులు లేరు.

రెండవది, బిడ్డ ఇంట్లో వాడే మాటలను ఒక కాగితం మీద తెలుగు లిపిలో రాసి టీచరుకు ఇవ్వండి. 'పానీ' అంటే నీళ్ళు, 'పిషాబ్' అంటే ఒంటికి, 'భూక్ లగ్రీ' అంటే ఆకలి, 'పేట్ దుఖ్‌రా' అంటే కడుపునొప్పి. బిడ్డను ఇంట్లో ఏ ముద్దుపేరుతో పిలుస్తారో అదీ రాయండి. రిజిస్టరులో 'షేక్ మొహమ్మద్...' అని ఉన్న పొడుగు పేరుతో పిలిస్తే, ఇంట్లో 'మున్నా' అని పిలిపించుకునే బిడ్డ అది తన పేరే అనుకోడు. ఇలాంటి కాగితం అందుకున్న ఏ టీచరైనా సంతోషిస్తుంది. ఐదు నిమిషాల పనితో ఆ బిడ్డ మొదటి నెల గడిచే తీరే మారిపోతుంది.

కొత్త భాష వినే బిడ్డ కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, బడిలో మౌనంగా ఉండవచ్చు. ఇంట్లో మామూలుగా మాట్లాడుతూ, బడిలో చెప్పింది అర్థం చేసుకుంటూ ఉంటే కంగారు పడనవసరం లేదు. వాడు వింటున్నాడు, కూడబెట్టుకుంటున్నాడు. అయితే మూడేళ్ళు నిండినా ఇంటిభాషలో కూడా రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోయినా, వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడకపోయినా ఆలస్యం చేయవద్దు. "వాళ్ళ అబ్బాకు కూడా ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని సరిపెట్టుకోకుండా వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలను ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉంది. మీ వీధి ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతుంది.

చేతికి పని

వంటింటిని మించిన బాలబడి లేదంటే అతిశయోక్తి కాదు. చపాతీ పిండి ముద్ద ఇచ్చి ఉండలు చేయమనండి. బటానీలు ఒలవమనండి. కందిపప్పులో కలిసిన పెసలు ఏరమనండి. ఉతికిన బట్టల్లో సాక్సులు జత కలపమనండి. దస్తర్‌ఖాన్ పరిచి, ఇంట్లో ఎంతమందో లెక్కపెట్టి అన్ని గ్లాసులు తెచ్చి పెట్టమనండి. వేళ్ళకు బలం, కంటికి చేతికి పొందిక, జతలు, రకాలు, లెక్కలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. మగపిల్లలకు కూడా ఈ పనులు చెప్పాలి. మణికట్టుకు ఆడా మగా తేడా లేదు.

ఆహారం తన చేత్తో తినటం నేర్పండి. కింద పోసినా ఫరవాలేదు. ఐదేళ్ళొచ్చినా వెంటపడి కలిపి పెట్టే ఇళ్ళ పిల్లలు బడిలో డబ్బా మూత తెరవకుండానే ఇంటికి తెస్తారు. బడికి ఇచ్చే డబ్బా, నీళ్ళ సీసా బిడ్డ తానే తెరవగలిగేవి కొనండి. కుడిచేత్తో తినమని నేర్పటం మన ఇళ్ళ పద్ధతి. కాని బలపం పట్టేటప్పుడు బిడ్డ సహజంగా ఎడమచేతిని వాడితే ఆ చేతిని మార్చవద్దు, దెబ్బ వేయవద్దు.

మరుగుదొడ్డి అలవాటు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. చాలామంది పిల్లలు బడిలో మధ్యాహ్నం దాకా ఆపుకుంటారు. దాంతో కడుపునొప్పి, మంట మొదలవుతాయి. ముందుగా చెప్పటం, బట్ట విప్పుకోవటం, నీళ్ళతో శుభ్రం చేసుకోవటం, చేతులు సబ్బుతో కడుక్కోవటం అనే నాలుగు మెట్లనూ విడివిడిగా నేర్పండి. తహారత్ మనకు ఎలాగూ ముఖ్యమే. ఆ అలవాటును బిడ్డ స్వయంగా చేసుకొనేలా తీర్చటమే ఇప్పుడు కావలసింది. నాడా కట్టిన పైజామా, బిగుతు జిప్పు ప్యాంటు, వెనక హుక్కులున్న గౌను బడికి వద్దు. ఎలాస్టిక్ ఉన్న బట్టలు వేయండి. బడిలో మరుగుదొడ్డి, మగ్గు, నీళ్ళు ఉన్నాయో లేదో చేర్చే రోజే చూసుకోండి. బిడ్డను వెంట తీసుకెళ్ళి చూపించండి. చెడు స్పర్శ గురించి కూడా ఈ వయసుకు తగ్గ మాటల్లో చెప్పాలి: "శుభ్రం చేసేటప్పుడు అమ్మీ, దాదీ, బడిలో ఆయా తప్ప అక్కడ ఎవరూ తాకకూడదు. ఎవరైనా తాకితే, ఎవరికీ చెప్పొద్దని అంటే, వెంటనే నాకు చెప్పాలి."

నిద్ర, ఫోను

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం 3, 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఫోను, టీవీ కలిపి గంటకు మించకూడదు, అంతకంటే తక్కువైతే ఇంకా మేలు. రోజు మొత్తంలో కనీసం మూడు గంటలు కదలికతో కూడిన ఆట ఉండాలి. మన ఇళ్ళలో రాత్రి పదకొండు దాకా దీపాలు వెలుగుతాయి, పెద్దలతో పాటు పిల్లలూ మేలుకుంటారు. రంజాన్ నెలలో అయితే సహరీ దాకా ఇల్లంతా సందడే. పెద్దలు ఇబాదత్‌లో ఉన్నా పిల్లలను వేళకు పడుకోబెట్టవచ్చు. బడి తెరిచే రెండు వారాల ముందు నుంచి రోజూ పావుగంట చొప్పున నిద్ర వేళను ముందుకు జరపండి. నిద్ర చాలని బిడ్డను ఉదయం ఎనిమిదికి ఈడ్చుకొస్తే వాడి ఏడుపుకు బడి కారణం కాదు.

అన్నం తినేటప్పుడు ఫోను ఇచ్చే అలవాటు ఉంటే ఈ వేసవిలోనే మాన్పించండి. బడిలో అన్నం దగ్గర ఫోను ఉండదు. మొదటి మూడు రోజులు పేచీ పెడతారు, వారానికి సర్దుకుంటారు. ఫోను స్థానంలో ఏదో ఒకటి పెట్టాలి కదా! పడుకునే ముందు ఒక కథ చెప్పండి. పుస్తకం చూసే చెప్పనవసరం లేదు. ప్రవక్తల గాథలు, కాకి కథ, కుందేలు కథ, మీ చిన్ననాటి ఊరి కథ, ఏదైనా సరే. చెప్పిన కథనే నెల రోజులు అడిగినా విసుక్కోకండి. విన్న వరుసను గుర్తుపెట్టుకొని, తరువాత ఏమవుతుందో ముందే చెప్పగలగటం చదువుకు తొలిమెట్టు.

ఎక్కడ చేర్చాలి?

ఇంటికి దగ్గరగా, నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న చోటు మూడేళ్ళ బిడ్డకు మంచిది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీని చిన్నచూపు చూడకండి. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు పూర్వప్రాథమిక విద్య కూడా అక్కడి బాధ్యతే. మీ వీధి కేంద్రం సరిగా నడవకపోతే తల్లులు కలిసి వెళ్ళి అడగవచ్చు. ప్రైవేటు బడి అయినా, అంగన్‌వాడీ అయినా చూడవలసినవి ఒకటే: పిల్లలు నేల మీద ఆడుకుంటున్నారా, టీచరు వంగి వాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడుతోందా, గోడ మీద బెత్తం ఉందా, గేటు వేసి ఉందా. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. "నాలుగు తగిలించండి టీచర్, మాదేమీ అభ్యంతరం లేదు" అనే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ మాట అనవద్దు.

ఇంకొకటి కూడా గమనిస్తున్నాం. ఒకే ఇంట్లో బాబును ఫీజు కట్టి ప్రైవేటు బడికి, పాపను "ఇంకో ఏడాది చూద్దాం" అని ఇంటి దగ్గరే ఉంచుతున్నారు. పాపకు ఆ ఏడాది మళ్ళీ రాదు. రేపు ఒకటో తరగతిలో ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి ఒకే పాఠం చెబుతారు.

కాగితాల పని ముందే పూర్తి చేసుకోండి. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ తేదీన గాని తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేర్చటం మొదలు అనేక పనులకు జనన ధృవపత్రమే పుట్టిన తేదీకి రుజువు. పేరు పెట్టకముందే ఆసుపత్రిలో నమోదు జరిగితే ఆ పత్రంలో పేరు ఖాళీగా ఉంటుంది. 12 నెలలలోపు రుసుము లేకుండా, ఆ తరువాత రుసుము కట్టి పేరు చేర్పించుకోవచ్చు. మన పేర్ల విషయంలో స్పెల్లింగు పెద్ద చిక్కు. షేక్, షేఖ్, షైక్. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి.; ఒక్కో కాగితంలో ఒక్కో తీరు. పదో తరగతి సర్టిఫికెట్టు దాకా ఈ తేడా వెంటాడి, పాస్‌పోర్టు వేళ పరుగులు పెట్టిస్తుంది. జనన ధృవపత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడింటిలో ఒకే అక్షరాలు ఉండేలా మొదటి రోజే చూసుకోండి. టీకాల కార్డు కూడా తీసి చూడండి. 16-24 నెలల మధ్య వేయవలసిన బూస్టరు తప్పిపోయి ఉంటే వేయించండి. తరువాతి డీపీటీ బూస్టరు 5-6 ఏళ్ళ మధ్య ఉంటుంది.

మొదటి పదిహేను రోజులు

మొదటి వారం కొందరు పిల్లలు హాయిగా వెళ్ళి, రెండో వారం ఏడుపు మొదలుపెడతారు. ఇది రోజూ ఉండే వ్యవహారమని అప్పటికి గాని వాళ్ళకు తెలియదు. కంగారు పడి నాలుగు రోజులు మాన్పిస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. జ్వరం వంటి కారణం లేకపోతే వీలైనంతవరకు క్రమం తప్పకుండా పంపండి. మొదటి వారం రోజుకు గంట, రెండు గంటలు చాలని టీచరును అడగవచ్చు. చెప్పిన సమయానికి ఐదు నిమిషాలు ముందే గేటు దగ్గర ఉండండి. అందరూ వెళ్ళిపోయాక మిగిలిన ఒక్క బిడ్డ ముఖం చూస్తే ఈ మాట ఎందుకు చెబుతున్నామో తెలుస్తుంది.

ఇంటికి రాగానే "ఏం నేర్చుకున్నావు? ఏ ఫర్ ఏమిటి?" అని పరీక్ష పెట్టకండి. నీళ్ళిచ్చి, ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. కాసేపటికి వాడే చెబుతాడు. రెండు మూడు వారాల తరువాత కూడా ఏడుపు తగ్గకపోయినా, మానేసిన పక్క తడపటం మళ్ళీ మొదలైనా, ఒక మనిషి పేరు చెబితేనే జడుసుకున్నా దాన్ని మొండితనం అనుకోకండి. టీచరుతో మాట్లాడి కారణం కనుక్కోండి. బిడ్డ భయం వెనక ఒక్కోసారి నిజమైన సంగతి ఉంటుంది.

మనమంతా చేయగల పని

ఈ పనులన్నీ ఒక్క తల్లి మీదనే వేయటం న్యాయం కాదు. ఉదయం బీడీలు చుట్టి, మధ్యాహ్నం కుట్టుమిషను తొక్కే అమ్మకు కథ చెప్పే తీరిక ఎక్కడిది? అక్కడ తండ్రి కలగజేసుకోవాలి. తాతగారు, నానమ్మ ఉంటే వాళ్ళు కథ బాధ్యత తీసుకోవాలి. ఇంటర్, డిగ్రీ చదివే మన అమ్మాయిలు వేసవిలో వీధిలోని నలుగురైదుగురు చిన్నపిల్లలను సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి ఆడిస్తే, బడిలో కావలసిన ఆ పది తెలుగు మాటలు ఆటలోనే వచ్చేస్తాయి. మే నెలలో ఒక జుమా నమాజ్ తరువాత జనన ధృవపత్రాలు, టీకాల గురించి మస్జిద్ కమిటీ రెండు నిమిషాలు ప్రకటన చేస్తే ఎన్నో ఇళ్ళకు జూన్ పరుగులు తప్పుతాయి. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసినవారు ఒకరు మొదటి వారం అంగన్‌వాడీలో రోజుకు గంట కూర్చుంటే టీచరుకూ బిడ్డలకూ మధ్య వంతెన అవుతారు.

పలక, పుస్తకం, సంచి ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. వాటిని బడి తెరిచే ముందు రోజు కొన్నా సరిపోతుంది. నమ్మకానికి, మాటకు, చేతి నేర్పుకు మాత్రం నెలలు పడుతుంది. మీ ఇంట్లో రెండున్నరేళ్ళ బిడ్డ ఉంటే ఈ రాత్రి ఒక కథతో మొదలుపెట్టండి. రేపు ఉదయం బటానీలు ఒలవటానికి పక్కన కూర్చోబెట్టుకోండి. అల్లాహ్ మన పిల్లల చదువులో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.